రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన పైలట్ పేరు ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉంటుందా?

ఉండదు. 2019లో ప్రారంభమైన ఆ స్మారకంలో గ్రానైట్ పలకల మీద చెక్కినవి స్వాతంత్ర్యం వచ్చాక అమరులైనవాళ్ల పేర్లు. అంతకుముందు బర్మా మీద విమానం కూలి చనిపోయిన కుర్రాళ్ల లెక్క, యుద్ధ మృతుల సమాధులూ స్మారకాలూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉంటుంది. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా సర్వీసులో చనిపోయినవాళ్లు దాని పరిధిలోకి వస్తారు. శవం దొరకని వైమానికుల పేర్లు ఎక్కువగా సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద కనిపిస్తాయి.

ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడం ఉచితం. చిక్కంతా పేరుతోనే. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లు చివరి మాటనే ఇంటిపేరుగా రాసుకున్నారు. ఉదాహరణకు కందుకూరు ప్రాంతపు రెడ్డిగారబ్బాయి కోసమైతే 'రెడ్డి' అని మాత్రమే కొట్టి, ఎయిర్ ఫోర్స్ అనీ చనిపోయిన సంవత్సరం అనీ వడపోయాలి. దొరక్కపోతే ఇంటిపేరుతో, ఆ తర్వాత స్పెల్లింగ్ మార్చి చూడాలి. వివరాల్లో ఊరు ఉంటే ప్రకాశం అని వెతక్కండి, ఆ జిల్లా 1970లో పుట్టింది. అప్పటికి కందుకూరు నెల్లూరులో, ఒంగోలు గుంటూరులో, మార్కాపురం కర్నూలులో ఉండేవి.

చాలామంది ఇండియా గేట్ మీద పేరుంటుందనుకుని వెతుకుతారు. అక్కడున్నవి మొదటి ప్రపంచ యుద్ధం, 1919 ఆఫ్ఘన్ యుద్ధం నాటి పేర్లు.