లీగల్ హెడ్‌గా చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్‌లో కూర్చునే అమెరికా, జర్మనీ ఆఫీసుల లీగల్ పనులు కూడా నువ్వే చూడాలట కదా. చాలా సంతోషమమ్మా. చేరిన వారంలోనే ఒకటి తేల్చుకో: నువ్వు రాసే మెయిల్‌కు ఏ దేశంలో ఎంత రక్షణ ఉంది?

అమెరికాలో 1981 నాటి అప్‌జాన్ తీర్పు వల్ల, న్యాయసలహా కోసం ఉద్యోగులు కంపెనీ లాయర్‌తో చెప్పిన మాటలకు గోప్యత ఉంది. అయితే అది కంపెనీ హక్కు, ఉద్యోగిది కాదు. కావాలనుకుంటే కంపెనీ ఆ మాటలు బయటపెట్టగలదు. కంపెనీ లోపలి విచారణలో ఎవరినైనా కూర్చోబెడితే ముందే చెప్పు: "నేను కంపెనీ లాయర్‌ని, మీ లాయర్‌ని కాను." మేడమ్ మనవాళ్లే కదా అని కుర్రాళ్లు అన్నీ చెప్పేసుకుంటారు, పాపం. ఆ మాట దాటవేయడం అన్యాయం.

యూరప్ సంగతి వేరు. జీతం తీసుకునే లాయర్‌కు బయటి లాయర్‌కున్నంత స్వతంత్రత ఉండదని 2010లో అక్జో నోబెల్ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు తేల్చింది. కంపెనీలు ధరల్లో కుమ్మక్కవకుండా చూసే పోటీ చట్టం కింద యూరోపియన్ కమిషన్ సోదాకు వస్తే నీ మెయిళ్లు వాళ్లు చదవచ్చు. కాబట్టి ధరల మీదా డీలర్ల మీదా సలహా కావాలంటే అక్కడి బయటి లాయర్‌నే అడుగు. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

మన దగ్గరా అంతే. ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం ప్రాక్టీసు ఆపేయాలి. కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వొకేట్లకు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ కంపెనీ జీతం మీద పనిచేసే ఇన్‌హౌస్ లాయర్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. ఈ తీర్పు నాకు నచ్చలేదు, కానీ దాన్ని దృష్టిలో పెట్టుకునే పని చేయాలి. ప్రతి మెయిల్ నెత్తిన "ప్రివిలేజ్డ్" (గోప్యత హక్కు ఉన్నది) అని పెట్టినంత మాత్రాన ఏమీ ఒరగదు.

దాచమని కాదు సుమా. నోటీసు వచ్చిందంటే ఒక్క మెయిల్ కూడా చెరగకూడదు. ఆటో డిలీట్ ఆపమని ఐటీ వాళ్లకు ఆ రోజే రాతలో పెట్టు.

ఇంకొకటి. కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్లో లిస్టయి ఉంటే, పెద్ద తప్పు కంటపడినప్పుడు ముందు పైవాళ్లకు, వాళ్లు పట్టించుకోకపోతే బోర్డులో లెక్కల మీద కన్నేసే ఆడిట్ కమిటీకి చెప్పాలని సర్బేన్స్-ఆక్స్‌లీ అనే అమెరికా చట్టం కింద వచ్చిన నియమాలున్నాయి. లిస్టవకపోయినా సరే, ఆడిట్ కమిటీ ఛైర్మన్‌తో నేరుగా మాట్లాడే వీలు నీకుండాలి. ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం చేర్పించాకే సంతకం పెట్టు.

పెదనాన్న