ఉప్పు రోడ్ల మీద తిరిగిన సైకిల్

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. మినియాపోలిస్‌లో తొలి మంచు పడిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సైకిల్‌ను ఇక మార్చి దాకా బయటికి తీయనంటున్నావట. మంచిదే, కానీ దాన్ని ఉన్నదున్నట్టుగా గోడకు ఆనించి వదిలేయకు. విజయవాడలో మన సైకిళ్ళు వానలో ఎంత తడిసినా ఎండకు ఆరి, రెండు చుక్కల నూనెతో దారికి వచ్చేవి. అక్కడ ఎండ ఉంది, రోడ్డు మీద ఉప్పు లేదు. ఇక్కడ మంచు కరగడానికి చల్లే ఉప్పు తేమను పట్టి ఉంచి, నువ్వు తొక్కకపోయినా ఇనుమును తింటూనే ఉంటుంది.

షికాగో వచ్చిన మొదటి చలికాలం నేను ఆ పొరపాటే చేశాను. మార్చిలో చూస్తే చైను వంగిన చోట వంగినట్టే బిగుసుకుపోయింది, వేలు పెడితే ఎర్రటి పొడి అంటింది. చైను పోతే కొత్తది వేశాను. సీటును మోసే గొట్టమే ఊడిరాలేదు. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం గొట్టం, మధ్యలో ఉప్పునీరు. రెండూ కరుచుకుపోయాయి. చివరికి ఆ ఫ్రేమునే పారేయవలసి వచ్చింది. ఎంతో ఇష్టపడి కొన్నది, ఇప్పటికీ తలచుకుంటే బాధే.

అందుకే ముందు ఆ గొట్టం సంగతి చూడు. ఎత్తు తెలిసేలా టేపు చుట్టి, పైకి లాగి, తుడిచి, పలుచగా గ్రీజు రాసి మళ్ళీ దించు. గొట్టం గానీ ఫ్రేము గానీ కార్బన్‌దైతే గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు అమ్ముతారు.

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తని బ్రష్షు చాలు. కార్లు కడిగే పైపు జోలికి పోకు, ఆ ఒత్తిడికి నీళ్ళు బేరింగుల్లోకి దూరుతాయి. ఫ్రేము అడుగున, బ్రేకుల వెనక, స్పోకులు రిమ్ములోకి వెళ్ళే చోట వేళ్ళతో తడిమితే ఉప్పు గరుకుగా తగులుతుంది. అది పోయేదాకా కడుగు. తుడిచి, రాత్రంతా ఇంట్లోనే ఆరనివ్వు.

చైను పూర్తిగా ఆరాక స్కేలు పెట్టి కొలువు. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం, అంటే 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చేయి, లేకపోతే పళ్ళచక్రాలను కూడా అరగదీస్తుంది. బాగుంటే ఒక్కో లింకుకు ఒక్కో చుక్క సైకిల్ చైను నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయి. వంటనూనె వద్దు. బ్రేకు డిస్కు మీద చుక్క కూడా పడకూడదు.

టైర్లలో నెలకోసారి గాలి చూడు. గాలి దిగిన టైరు మీద నెలల తరబడి నిలబెడితే పక్కలు పగులుతాయి.

ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు మీద తొక్కేటట్టయితే హ్యాండిల్ మీద తువ్వాలు పరుచు. చెమటలోనూ ఉన్నది ఉప్పే, హ్యాండిల్‌కు చుట్టిన టేపు కిందికి దిగి లోహాన్ని తినేస్తుంది.

ఈ శనివారమే మొదలుపెట్టు. సీటు గొట్టం కదలకపోతే బలవంతంగా తిప్పకు, అక్కడితో ఆపి నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య