1965 నాటి షెవర్లే కారు, కోర్వేర్ కోర్సా కొన్నాను. పవర్ పెంచాలంటే టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది) పెట్టించాలా, ఉన్న ఇంజన్ తీసేసి వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెట్టించాలా?

రెండూ ఇప్పుడే వద్దండీ. ముందు బ్రేకులు, స్టీరింగ్, ఆయిల్ లీకులు, ఇంజన్ చల్లబడే ఏర్పాటు సరిచేయించండి. పవర్ సంగతి ఆ తర్వాత. నేను మిషిగన్‌లో ఉంటాను. నా దగ్గరున్నదీ 65 కోర్సానే, నాలుగు కార్బ్యురేటర్ల 140 హార్స్‌పవర్ బండి. ఏళ్ల తరబడి స్వయంగా విప్పి బిగిస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా "ఆ కారు ప్రమాదమట కదా" అంటే కంగారు పడకండి. కార్ల భద్రత కోసం పోరాడిన న్యాయవాది రాల్ఫ్ నాడర్ దుమ్మెత్తిపోసింది 1960-63 మోడళ్లను. వాటిలో స్వింగ్ యాక్సిల్, అంటే లోపలి కొస దగ్గర మాత్రమే వంగే వెనక ఇరుసు ఉండేది, మలుపులో గట్టిగా తిప్పితే వెనక చక్రం లోపలికి మడుచుకుపోయే వీలుండేది. అందుకే టైర్లలో ముందు 15, వెనక 26 పి.ఎస్.ఐ. గాలి ఉంచమని కంపెనీ చెప్పింది. చాలామంది నాలుగింటికీ సమానంగా కొట్టించేసేవారు. ఆ కార్లు కూడా ఆనాటి తోటి కార్లకు తీసిపోవని 1972లో ప్రభుత్వ పరీక్షల నివేదికే తేల్చింది. మీ 65కి వెనక సస్పెన్షన్ పూర్తిగా కొత్తది, షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ తరహాది. ఆ రోజుల్లో అమెరికాలో ఇంత చక్కగా మలుపు తిరిగే కార్లు చాలా తక్కువ. కాకపోతే ముందు తక్కువ గాలి, వెనక ఎక్కువ గాలి అన్న నియమం దీనికీ ఉంది.

బ్రేకుల్లో మొదటి పని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది). 65లో ఒకటే సర్క్యూట్, ఒక పైపు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. 67 నుంచి కంపెనీయే రెండు సర్క్యూట్లది ఇచ్చింది. అలాంటిది వేయించండి.

ఇంజన్ దగ్గరికొస్తే, అల్యూమినియంతో చేసిన ఆరు సిలిండర్ల ఫ్లాట్ ఇంజన్. నీళ్లుండవు, గాలితోనే చల్లబడాలి. పైన పడుకోబెట్టినట్టుండే ఫ్యాన్‌ని నిలువుగా తిరిగే క్రాంక్ పుల్లీ నుంచి ఒకే బెల్టు మెలి తిరుగుతూ తిప్పుతుంది. ఆ బెల్టు తెగి డ్యాష్‌బోర్డులో ఫ్యాన్ లైటు వెలిగిందా, అక్కడికక్కడే ఆపేయండి. ఇంకో మైలు వెళ్దామనుకోవద్దు. స్పేర్ బెల్టు, దాన్ని మార్చే రెంచి నా డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు కూడా చూడండి. అది చిరిగితే కింది వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పైకి లాగుతుంది. పుష్‌రాడ్ (వాల్వులను తెరిచే కడ్డీ) ట్యూబుల ఓ-రింగులు, అంటే రబ్బరు సీళ్లు, పాతవైతే ఎండి ఆయిల్ కారుతుంది, హీటర్ వేస్తే ఆ వాసనంతా కారులోకే. వేడికి తట్టుకునే వైటాన్ రబ్బరు రింగులు వేయించాక నా కారులో ఆ బాధ తీరింది.

ఇక పవర్. 140 ఇంజన్ హెడ్లలో వాల్వులు పెద్దవి, వాల్వ్ సీట్లకు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగులకు) పట్టు తక్కువ. బాగా వేడెక్కితే సీటు ఊడి సిలిండర్లో పడుతుంది. ఈ ఇంజన్ తెలిసిన మెషిన్ షాపులో లోతైన సీట్లు వేయించండి. ఆ పని కాకుండా కార్బ్యురేటర్ల మీద రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. ఆపైన నాలుగు కార్బ్యురేటర్లనూ ఓపిగ్గా సింక్ చేస్తే (అన్నీ ఒకేలా పనిచేసేలా సరిచేస్తే) చాలు, రెండో జత తెరుచుకునే క్షణంలో వచ్చే ఊపు నాకిప్పటికీ తనివి తీరదు.

టర్బో చరిత్ర నాకూ ఎంతో ఇష్టం. 1962లోనే కోర్వేర్ మోంజా స్పైడర్ మోడల్‌కి పెట్టారు. అదే ఏడు వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌తో కలిపి చూస్తే, మామూలు జనం కొనుక్కోగలిగిన తొలి టర్బో కార్లు ఇవే. 65లో అది 180 హార్స్‌పవర్‌కి చేరింది. కానీ అందులో వేస్ట్‌గేట్, అంటే ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే వాల్వు, లేదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) హద్దు మీరకుండా ఆపేది సైలెన్సర్ అడ్డే. శబ్దం బాగుంటుందని ఫ్రీ సైలెన్సర్ బిగిస్తే బూస్ట్ పెరిగి పిస్టన్లు కరిగే దాకా వస్తుంది.

వీ8 మాటకొస్తే, క్రౌన్ అనే కంపెనీ కిట్లతో అరవైల నుంచీ పెడుతున్నారు. ఇంజన్ వెనక సీటు చోటులోకి వస్తుంది, ముందు రేడియేటర్ పెట్టాలి. అద్భుతమైన పనితనమే, కాదనను. కానీ నాకు ఈ కారు మీద ప్రేమ పుట్టించిందే ఆ వెనకున్న గాలి ఇంజన్, దాన్ని తీసేశాక నాకింక కోర్వేర్ మిగలదు. ఆ ఇంజన్ మీద ఇళ్లలో విమానాలు కట్టుకుని ఎగిరినవాళ్లున్నారండీ!

దానితోనే ఎంత సాధించొచ్చో షెవర్లే డీలరూ, రేసరూ అయిన డాన్ యెంకో చూపించాడు. పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో 1966కి స్టింగర్ పేరుతో వంద కోర్వేర్లను తయారుచేశాడు. వెనక సీటు తీసేసి, స్పోర్ట్స్ కారుగా రేసులకు అర్హత తెచ్చుకున్నాడు. ట్యూనింగ్ స్టేజ్‌ని బట్టి 160, 190, 220 హార్స్‌పవర్. 1967లో జెర్రీ థాంప్సన్ స్టింగర్‌తో డి ప్రొడక్షన్ అనే రేసు తరగతిలో జాతీయ ఛాంపియన్ అయ్యాడు.

విడిభాగాలకు బెంగ లేదు. మసాచుసెట్స్‌లోని క్లార్క్స్ అనే కోర్వేర్ విడిభాగాల కంపెనీ వాళ్ల దగ్గర దాదాపు అన్నీ దొరుకుతాయి. 1969లో మొదలైన కోర్వేర్ సొసైటీ ఆఫ్ అమెరికా అనే అభిమానుల క్లబ్బులో చేరితే మీ దగ్గర్లో చెయ్యి తిరిగినవాళ్లు పరిచయమవుతారు.

ఇంతకీ మీది మూడు గేర్లదా, నాలుగు గేర్లదా? హెడ్లు ఎప్పుడైనా విప్పారో లేదో తెలుసా? ఆ రెండూ చెబితే కార్బ్యురేటర్ సెట్టింగుల గురించి వివరంగా రాస్తాను.