ఇంటర్వ్యూలో అడిగిన అంగుళాల లెక్క

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. విమాన విడిభాగాల సంస్థ ఇంటర్వ్యూలో 1.250 ± .005 అంగుళాల కొలతను మిల్లీమీటర్లలో, రెండు దశాంశ స్థానాలకు రాయమన్నారట. 31.75 ± 0.13 అని రాస్తే తప్పన్నారు. క్యాడ్‌లో (కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం) ఇంకో కోర్సు చేయించమంటారా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: గుణకారంలో మీ అబ్బాయి ఎక్కడా పొరబడలేదండి. అంగుళమంటే సరిగ్గా 25.4 మి.మీ.; .005 అంగుళం 0.127 మి.మీ. దాన్ని లెక్కల పుస్తకంలోలాగా 0.13 చేశాడు. చిక్కంతా అక్కడే ఉంది. అసలు డ్రాయింగ్ ఒప్పుకునే హద్దులు 31.623, 31.877. అబ్బాయి రాసిన దాని ప్రకారం 31.62 నుంచి 31.88 దాకా సరిపోతుంది. అప్పుడు 31.88 వచ్చిన ముక్కను ఇక్కడ పాస్ చేస్తారు, అంగుళాల్లో కొలిచే కొనుగోలుదారు తిప్పి పంపుతాడు. కాబట్టి కింది హద్దును పైకి, పై హద్దును కిందికి సవరించి 31.63, 31.87 అని రాయాలి. మెషిన్ మీద పనిచేసేవారికి కొంత వెసులుబాటు తగ్గుతుంది, అయినా అదే క్షేమం.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. అమెరికా డ్రాయింగుల్లో చాలా కొలతలకు పక్కన టాలరెన్స్, అంటే ఎంత తేడాను ఒప్పుకుంటారో, ఉండదు. రెండు దశాంశాలుంటే ± .01, మూడుంటే ± .005 అన్నట్టు టైటిల్ బ్లాకులో (డ్రాయింగ్ వివరాలుండే గడిలో) ఒకచోట రాసి ఉంటుంది. అంటే 1.25, 1.250 విలువలో సమానమే అయినా పనిలో వేర్వేరు. సాఫ్ట్‌వేర్‌లో యూనిట్లు మార్చగానే రెండూ 31.75 అయిపోవచ్చు, చివరి సున్నా మోస్తున్న సమాచారం ఎగిరిపోతుంది. మరో క్యాడ్ కోర్సు వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. మీట ఎక్కడుందో అబ్బాయికి ఇప్పటికే తెలుసు. నొక్కితే ఏం పోతుందో తెలియాలి.

ఆ డబ్బును డ్రాయింగ్ చదవడం, జ్యామితీయ టాలరెన్సులు (ఆకారం, స్థానాల్లో ఒప్పుకునే తేడాలు), కొలత పరికరాలు నేర్పే చోట పెట్టండి. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) లాంటి టూల్ రూముల్లో స్వల్పకాలిక శిక్షణల గురించి వాకబు చేయండి. ఫీజు కట్టే ముందు సిలబస్ చూడండి. మైక్రోమీటర్ చేతికివ్వని కోర్సు అయితే వదిలేయండి. మన పాలిటెక్నిక్‌లలో ఎక్కువగా ఫస్ట్ యాంగిల్‌లో (పైనుంచి కనిపించే బొమ్మను ముందు బొమ్మకు కింద పెట్టే పద్ధతి) గీయిస్తారు, అమెరికా డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో (దాన్ని పైన పెట్టే పద్ధతి) వస్తాయి. ఆ అలవాటు కూడా ఇప్పుడే చేసుకోవాలి. హైదరాబాద్‌లో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి కనుక ఈ విద్య ఊరికే పోదు.

మళ్లీ ఇదే ప్రశ్న ఎదురైతే, ముందుగా “మార్చకుండా అంగుళాల్లోనే చేయవచ్చా?” అని అడగమనండి. కంప్యూటర్ ఆదేశాలతో నడిచే చాలా సీఎన్‌సీ మెషిన్లలో జీ20 కోడ్ ఇస్తే అంగుళాలు, జీ21 ఇస్తే మిల్లీమీటర్లు. డిజిటల్ మైక్రోమీటర్లలోనూ యూనిట్లు మార్చే మీట ఉంటుంది. మార్చక తప్పదంటే హద్దులను లోపలికి సవరించి రాసి, అలా ఎందుకు చేశాడో నోటితో వివరించాలి.