అనంతపురం మిద్దె మీద నుంచి నక్షత్ర గుచ్ఛాలు: బైనాక్యులర్ చాలా?

10×50 బైనాక్యులర్ ఉంది, గుచ్ఛాలు చూడాలంటే టెలిస్కోప్ కూడా కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. కృత్తికలనే తీసుకోండి, మా అవ్వ వాళ్లు పిల్లలకోడి అనేవాళ్లు. ఆ గుంపు వెడల్పు నిండు చందమామకు మూడు నాలుగింతలు ఉంటుంది. చాలా టెలిస్కోపుల్లో ముక్కే పడుతుంది, బైనాక్యులర్‌లో మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. ఉత్త కంటికి ఆరేడు చుక్కలున్న చోట పదుల కొద్దీ తేలతాయి. ఫొటోల్లో ఉండే నీలి పొగను మాత్రం ఆశించకండి.

అసలు తిప్పలు మెడతో. మనం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం కాబట్టి, డిసెంబరులో రాత్రి పదింటికి కృత్తికలు, మార్చిలో తొమ్మిదింటికి పుష్యమి పక్కనున్న ఎం44 అనే గుచ్ఛం (మెస్సియే జాబితాలో 44వది, ‘ఎం’ అంటే అదే) దాదాపు నడినెత్తికి వస్తాయి. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, చేతులు వణికి చుక్కలు గీతలైపోతాయి. మిద్దె మీద మంచం వేసుకుని పడుకోండి. నేను మోచేతుల కింద చెరో దిండు పెట్టుకుంటాను. ఫోకస్ కూడా రెండు కళ్లకీ విడిగా చూసుకోవాలి: కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పండి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడివైపు రింగ్ తిప్పండి.

మన అదృష్టమంతా దక్షిణాన ఉంది. మే నడుమ రాత్రి పదింటికి త్రిశంకుకు (శిలువ ఆకారపు చుక్కల గుంపుకు) ఎడమవైపు పైన ఒమేగా సెంటారీ అనే గుచ్ఛం 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు, ఆ లెక్కన మూడు పిడికిళ్లకు కాస్త తక్కువ. లండన్ వాళ్లకు అది అసలు ఉదయించదు. దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి నక్షత్రాల ముద్ద. బైనాక్యులర్‌లో చుక్కలు విడిపోవు, గుండ్రటి మసక మచ్చే కనిపిస్తుంది. ‘ఇంతేనా’ అనిపించొచ్చు, నాకైతే అది కనబడిన రాత్రి నిద్ర పట్టదు. దీనికి మిద్దె కంటే ఊరికి దక్షిణం వైపు పొలాలే మేలు, ఊరి వెలుగు వీపు వెనక్కి పోతుంది. ఉత్తరం వైపు వెళ్తే ఆ వెలుగంతా సరిగ్గా మీరు చూసే చోటే ఉంటుంది.

అదే రాత్రి రెండు దాటాక వృశ్చికం తోక దగ్గర ఎం7, దానికి కుడివైపు పైన ఎం6 ఉంటాయి. రెండూ ఒకే చూపులో పడతాయి, ఎం7లో చుక్కలు విడివిడిగా తెలుస్తాయి. కృత్తికల కంటే నాకిదే ఇష్టం. చందమామ లేని రాత్రి చూసుకోండి.