గిజిగాడా, అగ్గితెగులా: వరికి ఏది ఎక్కువ చేటు?

గిజిగాడు పిట్ట, అగ్గితెగులు ఫంగస్, రెండూ వరిచేలోనే కనిపిస్తాయి కదా, ఏది ఎక్కువ చేటు అని అడిగారు. నేను రెండింటితోనూ పడ్డాను. పైగా ఒకదాని తప్పు ఇంకోదాని మీద వేశాను.

మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద. ఆ వానాకాలం సాంబ మసూరి (బీపీటీ 5204) వేశాం. బావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాడి గూళ్లే. కంకి పాలు పోసుకునే వేళకి చేలో అక్కడక్కడా కంకులు తెల్లబడ్డాయి. "పిట్టలే" అని నాన్న తేల్చేశాడు. పది రోజులు తెల్లారకముందే వెళ్లి డబ్బా కొట్టాను, మెరిసే రిబ్బన్లు కట్టాను. కంకులు వాలడం ఆగలేదు. చివరికి పక్కచేను పెద్దాయన ఒక కంకి పీకి, మెడ దగ్గర నల్లగా కుళ్లిన చోటు చూపించాడు. "మెడవిరుపు రా ఇది. పిట్టల్ని తిడితే ఏమొస్తది?"

మెడవిరుపు అంటే కంకి మెడకు సోకిన అగ్గితెగులే. ఆకు మీద అయితే నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో మచ్చలు వస్తాయి. మాకు అవీ కనిపించాయి, పట్టించుకోలేదు. యూరియా కూడా ఎక్కువే చల్లాం, పైగా రాత్రుళ్లు చలి, మంచు. దానికి ఇంకేం కావాలి?

విచిత్రం ఏంటంటే, వరి ఆకుతో రెండింటికీ పని ఉంది. మగ గిజిగాడు ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఎగురుతూ పీచులా చీల్చుకుపోతుంది. గూడు సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఉంటుంది. ఫంగస్ కంటికి కనిపించదు. బీజం ఆకుకు అతుక్కుని, నల్లటి గోడ కట్టుకున్న చిన్న బుడగలాంటిది తయారుచేసి, లోపల ఒత్తిడి పెంచుకుని ఆకును పొడుస్తుంది. ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్లట! ట్రైసైక్లజోల్ మందు ఆ నల్లరంగునే తయారుకానివ్వదు. అందుకే ముందుగా కొట్టాలి, మెడ కుళ్లాక కొట్టి లాభం లేదు. మేం కుళ్లాకే కొట్టాం.

పిట్ట గింజలు తింటుంది, కాదనను. కానీ పిల్లలకు పురుగుల్ని కూడా ఏరి పెడుతుంది. పిట్ట తిన్న కంకికి చితికిన గింజలు, పొట్టు కనిపిస్తాయి, మెడ మాత్రం పచ్చగానే ఉంటుంది. మెడ నల్లబడి విరిగితే తెగులు. మెడ బాగానే ఉండి, తెల్లకంకి లాగగానే ఊడి వస్తే అది కాండం తొలుచు పురుగు పని. నా లెక్కలో చేటు తెగులుదే, చాలా ఎక్కువ.

నాన్న మాత్రం కంకి తెల్లబడితే ఇప్పటికీ ముందు డబ్బానే వెతుక్కుంటాడు.