టెక్ సందేహాలు: హాల్లో హోం థియేటర్ కుదురుతుందా?

ప్రశ్న: కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. హాలు 12×18 అడుగులు, పొట్టి గోడ వైపు బాల్కనీ. ఇంటీరియర్ పనులు ఇంకా మొదలవలేదు. ప్రొజెక్టర్ పెట్టి 100 అంగుళాల తెర మీద సినిమాలు చూడాలని నా కోరిక. కానీ నాన్నగారు పొద్దున్నుంచీ న్యూస్ చూస్తారు, సాయంత్రం పిల్లల చదువులు అక్కడే, చుట్టాలొచ్చినా అక్కడే. రెండూ కుదిరే దారి చెప్పండి. (విజయవాడ పాఠకుడు)

జవాబు: దారి ఉంది, కానీ ప్రొజెక్టర్‌తో కాదు.

ప్రొజెక్టర్ వెలుతురు మాత్రమే వేయగలదు, నలుపు వేయలేదు. తెర మీద నలుపు అంటే అక్కడ వెలుతురు పడకపోవడమే. పగలు మీ తెర ఎంత తెల్లగా ఉంటుందో, సినిమాలో రాత్రి సీను కూడా దాదాపు అంతే తెల్లగా కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే కర్టెన్లు మూసి న్యూస్ చూడమని నాన్నగారికి చెప్పలేరు కదా! రెండో చిక్కు సీలింగ్ ఫ్యాన్. 100 అంగుళాల బొమ్మకు మామూలు ప్రొజెక్టర్ తెరకు తొమ్మిది, పది అడుగుల దూరంలో ఉండాలి. మీ హాల్లో అది సోఫా నెత్తి మీదకొస్తుంది. మధ్యలో ఫ్యాన్ రెక్కలు కిరణాలకు అడ్డొస్తే బొమ్మ అదురుతూ ఉంటుంది. మన ఊళ్ల ఎండల్లో ఫ్యాన్ లేకుండా రెండున్నర గంటల సినిమా ఎవరు చూస్తారు? గోడ పక్కనే పెట్టే అల్ట్రా షార్ట్ త్రో రకానికి ఫ్యాన్ గొడవ ఉండదు గానీ, పగటి వెలుతురు గొడవ దానికీ ఉంది.

కాబట్టి పెద్ద టీవీ తీసుకోండి. 18 అడుగుల గోడకు టీవీ, ఎదురుగా సోఫా వేస్తే కంటికీ తెరకూ మధ్య సుమారు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు వస్తుంది. తెర కొలతకు (మూల నుంచి ఎదుటి మూలకు) 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే చూపులో 30 డిగ్రీల మేర తెర నిండుతుంది. ఆ లెక్కన మీకు 75 అంగుళాలు సరిపోతుంది. 65 అయినా తీసిపారేయలేం. ఇలా పెడితే బాల్కనీ వెలుతురు పక్కనుంచి వస్తుంది కాబట్టి తెర మీద మెరుపు తక్కువ. బాల్కనీకి ఎదురు గోడ మాత్రం వద్దు.

ఇక ఏ రకం ప్యానెల్? చీకటి గదిలో సినిమాకు ఓఎల్ఈడీని (ప్రతి చుక్కా తానే వెలిగి, తానే ఆరే తెర) మించింది లేదు. కానీ మన న్యూస్ చానళ్ల తెర చూడండి: మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద స్క్రోలింగ్, అన్నీ రోజంతా ఒకే చోట. ఏళ్ల తరబడి ఇదే నడిస్తే ఆ మచ్చలు ఓఎల్ఈడీ మీద శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. న్యూస్ చూసే నాన్నగారున్న ఇంటికి మినీ ఎల్ఈడీకే (తెర వెనక వేల చిన్న లైట్లుండే ఎల్‌సీడీ టీవీ) నా ఓటు. పగటి వెలుతురును కూడా బాగా తట్టుకుంటుంది.

టీవీ ఎత్తు దగ్గర పట్టుబట్టండి. మేస్త్రీ నిలబడి గోడ మీద మార్కు చేస్తాడు, చూసే మనం కూర్చుంటాం. తెర మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉండాలి. 75 అంగుళాల టీవీ అయితే దాని కింది అంచు రెండడుగుల ఎత్తులో వస్తుంది. ఇంటికొచ్చినవాళ్లు "ఇంత కిందకు పెట్టారేంటి" అంటారు. అననివ్వండి, మెడ నొప్పి వాళ్లకు రాదు.

గోడలకు రంగులు వేయకముందే చేయించాల్సినవి మరచిపోకండి. టీవీ వెనక నుంచి కింది యూనిట్ వరకు రెండంగుళాల పీవీసీ పైపు వేయించి, తర్వాత కేబుళ్లు లాగడానికి అందులో ఒక లాగుడు తీగ వదిలేయండి. రూటర్ దగ్గర నుంచి టీవీకి క్యాట్ 6 (ఇంటర్నెట్) కేబుల్ లాగించండి. స్పీకర్లు ఇప్పుడు కొనకపోయినా, సోఫా వెనక గోడకు రెండు వైర్లు పంపించి పెట్టుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్ 5 మీటర్లు దాటేట్టయితే ఆప్టికల్ (కాంతితో సిగ్నల్ పంపే) రకం తీసుకోండి. దానికి ఒక చివర టీవీకి, ఇంకో చివర ప్లేయర్‌కు అని రాసి ఉంటుంది. తిరగేసి పెడితే పనిచేయదు. లైట్లన్నీ ఒకే స్విచ్ మీద పెట్టించొద్దు. సోఫా మీది లైట్లకు వేరే స్విచ్ ఉంటే, సినిమా వేళ వాటిని ఆర్పుకోవచ్చు. పిల్లలు చదువుకునే మూలకు దాని లైటు దానికి ఉంటుంది.

ప్రశ్న: సబ్‌వూఫర్ ఉన్న సౌండ్‌బార్ కొన్నాం. పాటలు అదిరిపోతున్నాయి గానీ మాటలు అర్థం కావు. సౌండ్ పెంచితే కింది ఫ్లాట్ వాళ్లు గొడవ. (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: సౌండ్‌బార్‌ను తిట్టకముందు హాల్ మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. గణగణమని మోగితే తప్పు గదిది. కింద టైల్స్, పక్కన గాజు తలుపులు, చుట్టూ ఖాళీ గోడలు. ప్రతి మాటా తగిలి వెనక్కి వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి కార్పెట్, గాజుకు బరువైన కర్టెన్లు వేయండి. ఖరీదైన సౌండ్‌బార్ చేయలేని పని ఇవి చేస్తాయి. సౌండ్‌బార్‌ను అర లోపలికి తోసి ఉంటే ముందు అంచుకు జరపండి.

సబ్‌వూఫర్ మూలలో ఉందా? మూల బాస్‌ను పెంచుతుంది. అక్కడి నుంచి రెండు మూడడుగులు ఇవతలకు జరిపి, కింద మెత్తటి ప్యాడ్ వేసి, బాస్ రెండు మెట్లు తగ్గించండి. ప్యాడ్ ఒక్కటే చాలదు, స్లాబు గుండా వెళ్లే మోతను అది పూర్తిగా ఆపలేదు. రాత్రి తొమ్మిది దాటితే నైట్ మోడ్ పెట్టండి. పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్నవాటిని పైకి తెస్తుంది. మాటలు వినిపిస్తాయి, కింది వాళ్లూ నిద్రపోతారు.

ప్రశ్న: నా టీవీలో ఆర్క్ (సౌండ్‌బార్‌కు శబ్దం పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) మాత్రమే ఉంది. ఈఆర్క్ (దాని కొత్త రకం) లేకపోతే డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చినట్టుండే ఆడియో) రాదని షాపులో అన్నారు. టీవీ మార్చాలా? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: మీరు చూసేది ఓటీటీయే అయితే అక్కర్లేదు. ఓటీటీల అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ (కుదించిన ఆడియో) రూపంలో వస్తుంది, దాన్ని ఆర్క్ మోయగలదు. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీకి (నాణ్యత తగ్గించని పెద్ద ఆడియో) మాత్రం ఈఆర్క్ కావాలి. ముందు కేబుల్ 'ఆర్క్' అని రాసిన పోర్టుకే పెట్టారో లేదో చూడండి. సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో (టీవీయే ఆడియోను విప్పి పంపడం) ఉంటే ఆటో లేదా పాస్‌త్రూకు (వచ్చింది వచ్చినట్టే పంపడం) మార్చండి. అప్పటికీ సౌండ్‌బార్ మీద అట్మాస్ అని రాకపోతే, మీ టీవీ మోడల్ అట్మాస్‌ను బయటకు పంపుతుందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. కొన్ని పాత మోడళ్లు పంపవు.